పాలచెట్టు నుండి పరుపు దాక



ఈనాటి నా ప్రసంగవిషయము పరుపు. జీవితమంతయు పిల్లలకు శబ్దములును, సంధులును చెప్పిన పంతులు పరుపునుగూర్చి ప్రసంగించుటేమని మీకు నవ్వు రావచ్చును. కాని మనుష్యుని యాయువులో సుమారు మూడవవంతు శయ్యపైననే గడచును గదా. దంపతులు పంచుకొను రబ్బరు పరుపునకు ఒక చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలియక నేను చేసిన తప్పొకటి కలదు. రెండింటిని కలిపియే మనవిచేసెదను.

మన పెద్దల కాలమున నులకమంచములుండెడివి. నులక సాగినచో కాళ్లవైపు త్రాడు లాగి బిగించుకొనెడివారు. గట్టిగా కావలసినవారు బిగువుగాను, మెత్తగా కావలసినవారు వదులుగాను అమర్చుకొనెడివారు. పరుపులో దూది ఉండలు కట్టిన, దూదేకువాడు వచ్చి ఏకి మరల కూరి యిచ్చెడివాడు. ఎవరి మంచము వారిది, ఎవరి బిగువు వారిది. కావున ఒకరికి తగిన పడక రెండవవారికి తగునా యను ప్రశ్నయే పుట్టలేదు.

ఉద్యోగవిరమణానంతరము నేను పట్నమునకు పోయి, జంటమంచమునకు రబ్బరు పరుపు నొకదానిని కొంటిని. దుకాణములో నేనొక్కడనే వెల్లకిల పరుండి చూచితిని. గట్టి పడకయే నడుమునకు మేలని చిన్ననాట విన్న మాట మనస్సున నుండుటచే, అన్నిటికంటె గట్టిదానినే యేరితిని. నాది భారీ శరీరము, నాకు సుఖముగనే యుండెను. నాలుగు నెలలు గడచిన పిమ్మట ఒకనాటి రాత్రి మెలకువవచ్చి చూడగా, నా గృహిణి వసారాలోని పాత నులకమంచముపై నిద్రించుచుండెను. ఉదయమున కారణ మడిగితిని. "ప్రక్కకు తిరిగితే భుజమూ తుంటీ రాతిమీద ఆనినట్టుంటాయండీ. అంత డబ్బు పోసి తెచ్చారు గదా అని చెప్పలేదు" అనెను. నాలుగు నెలలు! ప్రక్కన నున్న మనిషి బాధను గుర్తింపలేని నా పాండిత్య మేపాటిదని సిగ్గుపడితిని. అప్పుడు గదా ఈ పరుపు పుట్టుపూర్వోత్తరములు విచారింప మొదలిడితిని.

రబ్బరు దక్షిణ అమెరికాలోని అమెజాను అడవులందలి యొక వృక్షపు పాలు. అచ్చటి ఆదిమవాసులు దానిని చిరకాలమునుండి యెఱుగుదురు. 1736లో లా కొండమీను అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దాని మచ్చులను పారిసునకు పంపెను. అయినను ఎండకు జిగురై, చలికి పెళుసగుటచే అది వాడుకకు లొంగలేదు. 1839లో చార్లెసు గుడ్‌యియర్ అను అమెరికా దేశస్థుడు, గంధకము కలిపి వేడిచేసిన ఆ దోషము తొలగునని కనుగొనెను. 1876లో హెన్రీ విక్‌హామ్ అను ఆంగ్లేయుడు సుమారు 70,000 గింజలను బ్రెజిలు నుండి లండనులోని క్యూ వనమునకు చేర్చెను. మొలచినవి మూడువేలకు లోపే. ఆ మొలకల సంతతియే సింహళమునందును, మలయాయందును తోటలైనది. మనదేశమున 1902లో కేరళమునందలి పెరియారు తీరమున, తట్టేక్కాడు వద్ద వ్యాపారపు తోట వెలసినది.

ఇంతవరకు అది చక్రములకును, చెప్పులకును పనికివచ్చిన సరకు. దానిని పరుపుగా మార్చినది 1929వ సంవత్సరము. ఇంగ్లండునందలి బర్మింగుహాములో, డన్‌లప్ సంస్థ ప్రయోగశాలలో పనిచేయు మర్ఫీ అను నతడు, తన భార్య వంటింటి చిలుకుయంత్రముతో రబ్బరు పాలను నురుగుగా చిలికెనని చెప్పుదురు. చెట్టు కార్చు పాలలో రబ్బరు మూడవవంతు మాత్రమే. యంత్రమున త్రిప్పి నీరు తొలగించి, దానిని నూటికి అరువది పాళ్లకు చిక్కబఱతురు. గంధకాదులు చేర్చి, నురుగు వచ్చునట్లు చిలికి, గడ్డకట్టించు ద్రవ్యము కలిపి, అచ్చులో పోసి ఆవిరిపై ఉడికింతురు. ఇంచుమించు మన ఇడ్డెనల పనియే. గడ్డకట్టులోపల బరువైన కణములు క్రిందికి దిగుటచే అడుగుభాగము కొంత గట్టిపడును. ఇది డన్‌లప్ పద్ధతి.

కొన్ని యేండ్లకు తలాలే అను నతని పేర రెండవ పద్ధతి వచ్చినది. ఇందు అచ్చును సగమే నింపి, గాలిని తోడివేయగా నురుగు పొంగి అచ్చంతయు నిండును. వెంటనే దానిని గడ్డకట్టునట్లు చల్లార్చి, బొగ్గుపులుసు వాయువును పంపి, పిదప ఉడికింతురు. కణములు దిగుటకు వ్యవధి లేనందున పైనుండి క్రిందివఱకు ఒకే మెత్తదన ముండును. పని హెచ్చు, వెలయు హెచ్చు.

1942లో మలయాయు, సింగపూరును జపానువారి వశము కాగా, మిత్రరాజ్యములకు రబ్బరు కరవైనది. అప్పుడు నేలనూనె సరకులనుండి కృత్రిమ రబ్బరును విస్తారముగ చేసిరి. అందుచేత నేడు "లేటెక్సు" అను పేరు చెట్టుపాలకును చెల్లును, కృత్రిమపు పాలకును చెల్లును, రెంటి మిశ్రమమునకును చెల్లును. కొబ్బరిపీచు దిమ్మపై పలుచని రబ్బరు పొర కప్పినదియు అంగడిలో అదే పేర చలామణి యగును. చెట్టుపాలు ఎంతవంతు, పొర మందమెంత అని పత్రముపై వ్రాయించుకొనుడు. రబ్బరు సోకిన ఒడలు దద్దురెక్కువారు దీని జోలికి పోకుండుటయే మేలు.

ఇక గట్టితనము. దీనికి కొలత కలదు. నాలుగంగుళముల దిమ్మను గుండ్రని పలకతో పాతికవంతు అణచుటకు ఎన్ని పౌనుల బరువు కావలయునో, అదియే దాని యంకె. ఇంచుమించు 20 మెత్తన, 30 మధ్యస్థము, 40 గట్టి. బరువైన దేహము మెత్తనిదానిలో తుంటివద్ద దిగబడి వెన్ను వంగును. తేలికయైన దేహము, అందును ప్రక్కకు తిరిగి పరుండునది, గట్టిదానిపై భుజము తుంటి ఒత్తుకొని, నడుము ఆధారములేక వ్రేలాడును. గట్టిదే మేలను మాటయు నిలువలేదు. 2003లో స్పెయిను దేశమున, చిరకాలపు నడుమునొప్పిగల 313 మందిని 90 దినములు పరీక్షింపగా, గట్టి పరుపుకంటె మధ్యస్థముగా గట్టిదానిపై పరుండినవారికే ఉపశమనము హెచ్చుగా కనబడినది. అది రబ్బరు పరుపులకే పరిమితమైన పరీక్ష కాదు గాని, నా మొండి నమ్మకమునకు అది చాలును.

కడపట మేమేమి చేసితిమనగా, ఇద్దరమును కలిసి అంగడికి పోయితిమి. ఎవరి యలవాటు చొప్పున వారము పావుగంటసేపు పరుండి చూచితిమి. వెడల్పున రెండు సగములుగా పరుపు చేయించితిమి. నావైపు అడుగున గట్టి డన్‌లప్ పొర, ఆమెవైపు మధ్యస్థపు పొర, రెండింటిమీదను అడ్డముగ ఒకే మెత్తని పొర, అన్నిటికిని ఒకే గలేబు. చూచుటకు ఒక్క పరుపే. ఒకరు కదలిన రెండవవారికి కుదుపు సోకుట లేదు. పొరలు విడివిడిగ నుండుటచే, రేపు మా దేహములు మారిన వానినే మార్చుకొనవచ్చును. నులక బిగించుకొను మన తాతల యుపాయమే మరియొక రూపమున మరలివచ్చినది.

వారము దినముల పిమ్మట "ఎట్లున్నది?" అని యడిగితిని. "ఈసారి అడిగారు, అదే చాలునండీ" అనెను. పరుపు కొనబోవు పెద్దలకు నేను మనవిచేయునదియు అంతియే. అంకెలడుగుడు, పొరలడుగుడు. అన్నిటికంటె ముందు, ప్రక్కన పరుండువారిని అడుగుడు.