మన అన్నము – మన ఆరోగ్యము

చరిత్ర యనగానే రాజులు, యుద్ధములు, శాసనములు తలపునకు వచ్చుట వాడుక. కాని ప్రతి గృహమునందలి వంటయింటికిని ఒక చరిత్ర కలదు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, మనము ప్రతిదినము భుజించు అన్నమును గురించి వ్రాయుట యుక్తమని తోచినది. తెలుగు తీరమున అన్నము తెల్లబడిన కొలది దానిని తినువాని కాళ్ళు బలహీనపడిన కాల మొకటి కలదు. ఆ కథ నెరిగినచో, నేడు మన వంటయింట ఏ మార్పులు చేసికొనవలెనో మనకే తేటపడును.

గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. అంతకు పూర్వము మెట్ట పల్లెలలో సామాన్యుని కడుపు నింపినవి జొన్నసంగటి, చోడి అంబలి, కొర్రన్నము, సజ్జరొట్టె. వరియన్నము అనేకులకు పండుగనాటి భోజనము. కాలువల నీరు పారిన పిమ్మట డెల్టా భూములు వరిమాగాణములైనవి. పంట పెరిగినది, కరవుభయము తగ్గినది. ఇది గొప్ప మేలు. దానితోపాటు వరియన్నము తినుట మర్యాదకు గుర్తయినది; అందును అన్నము ఎంత తెల్లగా నుండిన అంత గొప్ప యను భావము బలపడినది.

వడ్లగింజకు పైన ఊక, దాని లోపల పలుచని పొర, మొదట చిన్న మొలక ఉండును. రోటిలో పోసి రోకళ్ళతో ఒక పాటు దంచినచో ఊక పోవును గాని లోపలి పొర కొంత నిలుచును. ఇదియే దంపుడు బియ్యము. మరపట్టి మెరుగుపెట్టినచో ఆ పొరయు, మొలకయు తవుడై పోయి ముత్యములవంటి గింజ మిగులును. మర వచ్చుటచేత ఆడువారి రెక్కల కష్టము తీరినది. తెల్లవారుజామున లేచి ధాన్యము దంచిన తల్లుల శ్రమను ఎరిగిన వారెవ్వరును మరను నిందింపజాలరు. కాని తీరిన కష్టముతోపాటు పోయినదేమియో చాలకాలము ఎవరికిని తెలియలేదు.

ఉత్తర సర్కారులని నాడు పిలువబడిన మన కోస్తా జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి ప్రసిద్ధమై యుండెను. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పును, నడక తడబడును, కొందరికి ఒళ్ళు నీరుపట్టి గుండె దెబ్బతినును. మాల్కంసన్ అను వైద్యుడు ఈ వ్యాధిని గురించి వ్రాసిన గ్రంథము 1835లోనే మద్రాసున అచ్చయినది. అనగా బియ్యపు మరలు వ్యాపించుటకు చాల పూర్వమే ఈ వ్యాధి ఇక్కడ ఉన్నది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. రోకటితోనైనను మాటిమాటికి దంచి, చెరిగి, తెల్లగా చేసినచో పైపొర నిలువదు. కనుక మూలదోషము యంత్రమునందు గాక మన తెలుపుమోజునందే కలదు. యంత్రము ఆ మోజును ప్రతి యింటికిని సులభము చేసినది.

కారణమును కనుగొనుటకు దారి చూపినవి కోళ్ళు. జావాదీవిలోని బటేవియా నగరమున డచ్చి సైనిక వైద్యుడు ఐక్‌మన్ పరిశోధనకై కోళ్ళను పెంచుచుండెను. కొంతకాలమునకు అవి బెరిబెరి రోగులవలె కాళ్ళు పడిపోయి కూలినవి. మరికొంత కాలమునకు వానియంతట అవియే కోలుకొన్నవి. విచారింపగా, ఆస్పత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నము తిన్నన్నాళ్ళు అవి రోగగ్రస్తములైనట్లును, క్రొత్త వంటవాడు సైనికుల అన్నము కోళ్ళకు పెట్టుటకు నిరాకరింపగా ముడిబియ్యము తిని స్వస్థపడినట్లును తేలినది. తరువాత జావాలోని నూరు పైచిలుకు చెరసాలలలో విచారణ జరుపగా, తెల్లని బియ్యము పెట్టిన చోటులనే వ్యాధి హెచ్చుగా కనబడెను. తవుడుపొరలో ప్రాణాధారమైన పదార్థ మొకటి కలదని, అది లోపించుటయే రోగకారణమని 1901లో గ్రీన్స్ అను మరియొక డచ్చి వైద్యుడు వివరించెను. ఐక్‌మన్‌కు 1929లో నోబెలు బహుమానము లభించినది.

ఈ పదార్థమునకే బి1 విటమిను అనియు, థయమిన్ అనియు నేటి పేర్లు. దీనిని ప్రయోగశాలలో తయారుచేయు విధానమును 1936లో సాధించిన రాబర్ట్ విలియమ్స్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు 1886లో మన నెల్లూరులో జన్మించినవాడే. మతప్రచారకులైన ఆయన తలిదండ్రులు అప్పుడు అక్కడ నివసించుచుండిరి. ఆయన 1910 ప్రాంతమున ఫిలిప్పీను దీవులలో ఉద్యోగము చేయుచు, తవుడునుండి తీసిన సారముతో బెరిబెరి రోగులు కోలుకొనుట కన్నులార చూచి, ఆ పరిశోధనకే తన జీవితములో పెక్కు సంవత్సరములు ధారపోసెను.

మనదేశమున ఈ పరిశోధనకు పీఠము నీలగిరులలోని కూనూరు. అక్కడ మెక్‌కారిసన్ అను వైద్యుడు 1918లో ఒకే గదిలో బెరిబెరి విచారణ ప్రారంభించెను. ఆ చిన్న గదియే క్రమముగా పెద్ద పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలసినది. తెలుగుతీరపు వ్యాధిని శోధించుటకు పుట్టిన సంస్థ తెలుగునేలకే చేరుట విశేషము గదా!

కూనూరు పరిశోధకులు గమనించిన విషయ మొకటి కలదు. తమిళ, మలయాళ దేశములలోను వరియన్నమే ప్రధానాహారము. మరబియ్యము వారును తినిరి. అయినను బెరిబెరి అచ్చట అరుదు, మన కోస్తాలో హెచ్చు. భేదమేమి? వారు హెచ్చుగా వాడినది ఉప్పుడు బియ్యము, మనము వాడినది పచ్చిబియ్యము. ధాన్యమును నానబెట్టి, ఆవిరిపట్టి, ఎండబెట్టి పిదప దంచినది ఉప్పుడు బియ్యము. ఆవిరిపట్టునప్పుడు పైపొరలోని సారము కొంత గింజలోనికి ఇంకును. తరువాత ఎంత మెరుగుపెట్టినను పూర్తిగా పోదు. ఏ శాస్త్రమును చదువని గృహిణులు తరతరములుగా పాటించిన ఒక అలవాటు కోట్లమందిని కాపాడినది. అలవాటునకు గల శక్తి అట్టిది.

ఇక మన యింటిలోనికి తొంగిచూతము. బియ్యమును నాలుగైదుమార్లు పిసికి కడుగుదుము. ఆ కడుగు కుడితితొట్టిలో పోయుదుము. అన్నము వార్చి గంజిని అందులోనే కలుపుదుము. మరవద్దనుండి తెచ్చిన తవుడును గేదెకే పెట్టుదుము. ఈ విటమిను నీటిలో కరగునది గనుక, కడుగునప్పుడు కొంత, వార్చునప్పుడు మరికొంత పోవును. ఆ విధముగా గింజలోని సారమంతయు పశువుల కొట్టమునకు చేరి, తెలుపుమాత్రము పిల్లవాని కంచమునకు చేరుచున్నది! పశువునకు పెట్టవలదని నా భావము కాదు. పిల్లవానికి ముందు మిగుల్చుడని మాత్రమే నా మనవి.

అట్లని వరిని మాని మరల జొన్ననే తినవలెనని తొందరపడరాదు. తెలంగాణ మెట్టప్రాంతములలో జొన్నమీదనే ఆధారపడిన పేదలకు పెల్లాగ్రా యను వ్యాధి వచ్చెను. ఎండ తగిలిన చోట చర్మము నల్లబడి పొరలూడుట, విరేచనములు, మతి చలించుట దాని లక్షణములు. హైదరాబాదు సంస్థలో డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకాంతయ్య దీనిని శోధించి 1960లో తమ ఫలితములను ప్రకటించిరి. కోస్తాలో వరి, తెలంగాణలో జొన్న. ధాన్యము వేరైనను పాఠ మొక్కటే. ఏ ధాన్యమును ఒంటరిగా మనుష్యుని పోషింపజాలదు. పప్పు, ఆకుకూర, పాలు, మజ్జిగ, చేప, గ్రుడ్డు, పండు, వీనిలో శక్తికొలది కొన్నియైనను ధాన్యమునకు తోడు కావలెను.

బెరిబెరి నేడు అరుదైనది. కాని తెలుపుమోజు తీరలేదు; వ్యాధి మారినది. భారత వైద్య పరిశోధన మండలివారి అధ్యయనము 2023లో దేశమున మధుమేహరోగులు 10 కోట్లకు పైబడిరని అంచనా వేసినది. మన తాతలు ఇదే అన్నము తిని పొలమున దినమంతయు శ్రమించిరి. మనము అంతే రాశి తిని కూర్చుండుచున్నాము. మనకు చాలవలసిన శక్తిలో ధాన్యములనుండి వచ్చునది నూటికి 45 పాళ్ళకు మించరాదని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో హితవు చెప్పిరి. ఉదయపు గంజి, మజ్జిగల స్థానమును కాఫీ, తేనీరు ఆక్రమించినవి. భోజనమునకు ముందును వెనుకను ఒక గంటవరకు వానిని త్రాగవలదని, అవి ఆహారములోని ఇనుమును శరీరమునకు అందనీయవని ఆ హితవులోనే కలదు. రక్తహీనతగల ఆడపిల్లలున్న ఇండ్లు దీనిని మరువరాదు.

కావున చేయదగిన దేమి? పెద్ద వ్యయము లేదు. మరవద్ద ఒక్క పట్టుతో చాలించుమని అడుగవచ్చును. అట్టి బియ్యము త్వరగా కమరువాసన పట్టును గనుక కొద్దికొద్దిగా పట్టించుకొనవలెను. మొదట ఇంటిల్లిపాదికి రుచింపదు. పాతబియ్యముతో సగము కలిపి, కొంతసేపు నానబెట్టి వండిన క్రమముగా అలవడును. కడుగుట రెండుమార్లతో చాలింపవచ్చును. గంజి వార్చక అత్తెసరు పెట్టవచ్చును; వార్చినచో ఆ గంజిలో ఉప్పు, మజ్జిగ కలిపి త్రాగవచ్చును. కంచమున అన్నము ఒక గరిటె తగ్గించి, ఆ చోట పప్పు, ఆకుకూర పెంచవచ్చును. వారమున రెండు మూడు పూటలు చోడి, కొర్ర, జొన్నలకు చోటీయవచ్చును. మందు వాడుచున్న మధుమేహరోగులు మాత్రము వైద్యుని అడిగి మార్పు చేసికొనుట మేలు.

ఈ సంగతులన్నియు ఎవరో ఒకరు చూచి, వ్రాసి, అచ్చువేసి యుంచినందుననే మనకు అందినవి. జావాలోని కోళ్ళ కథ మన పల్లెలోని పాఠకునకు తెలియుటకు గ్రంథాలయము గాక మార్గమేది? పాతికేండ్లుగా ఈ గ్రంథాలయము మన మనస్సులకు ఆహారము పెట్టినది. చదివినదానిలో ఒక్కటైనను రేపటి పొయ్యిమీదికి ఎక్కినచో దాని శ్రమ సఫలము. ఈ వ్యాసము చదివిన సోదరీసోదరులు రేపు బియ్యము కడుగునప్పుడు రెండవసారితో చేయి ఆపినయెడల, నేను ధన్యుడను.