పంటి అచ్చు: మైనం నుంచి వెలుగు దాకా

1985 సెప్టెంబరు 19. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విశ్వవిద్యాలయం. పుచ్చిన పంటిని డాక్టర్ వెర్నర్ మోర్మన్ శుభ్రంగా చెక్కారు. మామూలుగా అయితే ఆ తర్వాత ముద్ద నింపిన ట్రేను నోట్లో పెట్టి, అది గట్టిపడేదాకా నొక్కి పట్టుకోవాలి. ఆ రోజు నోట్లోకి వెళ్ళింది చిన్న కెమెరా. అది తీసిన చిత్రాన్ని బట్టి పక్కనే ఉన్న యంత్రం పింగాణీ దిమ్మెను చెక్కి, పంటి గుంతలో సరిగ్గా ఇమిడే ముక్కను తయారుచేసింది. మోర్మన్, ఇంజినీర్ మార్కో బ్రాండెస్టీని కలిసి రూపొందించిన ఆ యంత్రం పేరు సెరెక్.

దంతవైద్యంలో అదెంత పెద్ద మలుపో తెలియాలంటే రెండు శతాబ్దాలు వెనక్కి వెళ్ళాలి. ఒకప్పుడు కట్టుడు పళ్ళు చేసేవారు వృత్తలేఖినితో దవడ కొలిచి, ఏనుగు దంతాన్ని చెక్కి, నోట్లో పెట్టి చూసి, మళ్ళీ చెక్కేవారు. 1756లో బెర్లిన్‌లో ఫిలిప్ ఫాఫ్ తన గ్రంథంలో మరో దారి చూపారు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కు ఆయన దంతవైద్యుడు. మెత్తబరిచిన మైనంతో నోటి అచ్చు తీసి, అందులో ప్లాస్టర్ పోస్తే రోగి దవడ నమూనా చేతికొస్తుంది. ఇక పని బల్ల మీద, రోగి ఇంట్లో.

అయితే మైనం బయటికి తీసేటప్పుడు సాగిపోయేది. 1840ల్లో నోట్లోనే ప్లాస్టర్ పెట్టడం మొదలైంది. అది రాయిలా గట్టిపడితే విరగ్గొట్టి తీసి, ముక్కలన్నీ మళ్ళీ అతికించాల్సి వచ్చేది. చెట్టు పాల నుంచి వచ్చే గట్టాపెర్చాను వేడిచేసి వాడితే చల్లారాక ముడుచుకునేది. 1850ల్లో లండన్ దంతవైద్యుడు చార్లెస్ స్టెంట్ అందులో స్టియరిన్ కలిపి ఆ లోపాన్ని చాలావరకు సరిచేశారు.

ఇరవయ్యో శతాబ్దంలో సముద్రం ఆదుకుంది. నాచు నుంచి తీసే అగర్ పంటి వంపుల మీదుగా సాగి, మళ్ళీ తన ఆకారానికి వచ్చేది. కానీ ఆనాడు అగర్ ఎక్కువగా జపాన్ నుంచే రావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సరఫరా ఆగిపోయింది. దాంతో గోధుమరంగు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్ వైపు చూపు మళ్ళింది. పొడిలో నీళ్ళు కలిపితే నిమిషాల్లో గట్టిపడే ఆ ముద్దే నేటికీ మన ఊళ్ళలోని దంతవైద్యశాలల్లో కనిపిస్తుంది. దాని బలహీనతా నీరే. ఆరితే అచ్చు కుంచించుకుపోతుంది కాబట్టి వెంటనే ప్లాస్టర్ పోయాలి. ఆ తర్వాత వచ్చిన సిలికాన్ రబ్బర్లు ఆ తొందరను తగ్గించాయి. ట్రే వల్ల కలిగే వికారాన్ని మాత్రం తగ్గించలేకపోయాయి.

అసలు ముద్దే లేకుండా అచ్చు తీయవచ్చని ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఫ్రాన్స్వా డ్యూరే 1973లోనే తన సిద్ధాంత వ్యాసంలో ప్రతిపాదించారు. ఆ ఊహ రోగి దాకా రావడానికి పుష్కరం పట్టింది. తొలి సెరెక్ కోసం పంటి మెరుపు అడ్డురాకుండా తెల్లని పొడి చల్లాల్సి వచ్చేది. 2007లో వచ్చిన ఐటెరో వంటి స్కానర్లకు ఆ పొడి అక్కర్లేకపోయింది. పళ్ళను సరిచేసే పారదర్శక అలైనర్లూ ఈ మార్పును వేగిరం చేశాయి. వాటిని తయారుచేసేందుకు 1997లో మొదలైన అలైన్ టెక్నాలజీ తొలినాళ్ళలో రబ్బరు అచ్చులనే తెప్పించుకుని కంప్యూటర్‌లోకి ఎక్కించేది. 2011లో ఐటెరో తయారుచేసే కెడెంట్ సంస్థను కొనేసింది.

నేటి స్కానర్ పంటి మీద వెలుగును ప్రసరింపజేసి, తిరిగి వచ్చిన వెలుగును బట్టి ఎత్తుపల్లాలను లెక్కగడుతుంది. వరుసగా తీసిన చిత్రాలను బొంత కుట్టినట్టు కలుపుకుంటూ పోతుంది. ఒక్క పంటికి క్యాపు వేయాలంటే ఇది చక్కగా సరిపోతుంది. దవడ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళేసరికి మాత్రం ప్రతి అతుకులోని చిన్న తేడా పోగవుతుంది. పైగా వెలుగు పడని చోటును స్కానర్ చూడలేదు. రక్తం, లాలాజలం అడ్డొచ్చినా, పంటి అంచు చిగురు కింద దాగినా, ముందు డాక్టర్ ఆ చోటును పొడిగా, తేటగా చేయాల్సిందే.

ఒక్క పన్నూ లేని నోరు అసలైన పరీక్ష. అక్కడ చిత్రాలను కలపడానికి గుర్తులు తక్కువ, చిగుళ్ళు మెత్తన. పళ్ళసెట్టు జారకుండా నిలవాలంటే బుగ్గలు, పెదవులు, నాలుక కదిలినప్పుడు దాని అంచు ఎంతవరకు ఉండాలో తెలియాలి. అందుకే దంతవైద్య కళాశాలల్లో నేటికీ ట్రే అంచుకు వేడిచేసి మెత్తబరిచిన కాంపౌండ్ అనే ముద్ద పూసి, రోగి బుగ్గలు లాగుతూ, నాలుక ఆడించమంటూ ఆ హద్దును మలుస్తారు. స్కానర్ ఉపరితలాన్ని చూస్తుంది. వేలు కండరాల కదలికను పట్టుకుంటుంది.

స్కానర్లు రావాలి. వాంతి వచ్చేలా ఉంటుందని దంతవైద్యానికే దూరంగా ఉండేవారికి అవి పెద్ద ఊరట. కానీ ఉన్న పళ్ళన్నీ పోయాక ఆసుపత్రికి వచ్చేవారిలో వయసు మళ్ళినవారు, పేదలే ఎక్కువ. అన్నం నమిలి తినగలగడమే వారు కోరేది. కొత్త యంత్రం మోజులో అచ్చు తీసే చేతి నైపుణ్యాన్ని విద్యార్థులకు నేర్పడం మానేస్తే ముందు నష్టపోయేది వారే. స్కానర్ కొన్న కళాశాల ట్రేలను అటక ఎక్కించకూడదు. పళ్ళున్నవారికి వెలుగుతో, లేనివారికి వేళ్ళతో కొలత తీయడం ఒకే వైద్యుడికి వచ్చి ఉండాలి.