ప్రత్యేక వివాహ చట్టం గడప దగ్గర ఆగిన జంటలు

రాజోలు పిల్లాడు, కొత్తపేట పిల్ల కులాలు కలవక రిజిస్టర్ మ్యారేజీ చేసుకోవాలనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఒక దారి. ముందు నోటీసివ్వాలి. దాన్ని నలుగురికీ కనబడేలా ఆఫీసులో అంటిస్తారు. అభ్యంతరాలకు 30 రోజుల గడువు. ఆ నెల్లాళ్లూ ఆ పిల్లల గుండెలు ఎలా కొట్టుకుంటాయో కోనసీమవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ చట్టం పుట్టిందే ఎక్కడా చోటు దొరకనివాళ్ల కోసం. 1872లో బ్రహ్మసమాజం వాళ్ల పోరుతో దాని తొలి రూపం వచ్చింది. అప్పట్లో పెళ్లాడేవాళ్లు ‘మేం హిందువులం కాం’ అని రాసివ్వాల్సి వచ్చేది. 1923లో హిందువులకు ఆ బాధ తప్పింది. 1954లో ఏ మతంవాళ్లయినా మతం వదలకుండా పెళ్లాడే వీలొచ్చింది. ఇలా గడప వెడల్పవుతూ వచ్చింది గానీ స్వలింగ జంటల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం చేయించేనాటికి, ఆ పెళ్లిని ఒప్పుకునే చట్టానికి పాతికేళ్లు. స్వలింగ జంటల విషయంలో అది తిరగబడింది. జంటలు వచ్చాయి, చట్టం రాలేదు.

డెన్మార్క్ 1989లోనే పెళ్లి అనకుండా స్వలింగ జంటల పేర్లు రిజిస్టరు చేయడం మొదలుపెట్టింది. నెదర్లాండ్స్ 2001లో పెళ్లే చేసింది. మన దేశంలో 2018 సెప్టెంబరు 6 దాకా 377 సెక్షన్ కింద వాళ్ల కలయికే నేరం.

2021 డిసెంబరులో హైదరాబాద్ శివార్లలో అయినవాళ్ల మధ్య పెళ్లి చేసుకున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మరుసటేడు సుప్రీంకోర్టుకెక్కారు. పురుషుడికి 21, స్త్రీకి 18 అని ప్రత్యేక వివాహ చట్టంలో ఉన్న నాలుగో సెక్షన్ తమకూ వర్తించాలన్నారు. 2023 అక్టోబరు 17న తీర్పొచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు న్యాయమూర్తులూ అన్నారు. కనీసం జంటగా గుర్తింపు ఇవ్వాలన్నది ఇద్దరే, చంద్రచూడ్, కౌల్. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ పోయాయి. నా మటుకు నాకు ఆ ఇద్దరి మాటే న్యాయంగా తోస్తుంది.

ఎందుకంటారా? కొత్తపేట దగ్గర ఇద్దరాడవాళ్లు ఇరవయ్యేళ్లు కలిసి కాపురముంటున్నారనుకోండి. అరెకరం కొబ్బరితోట ఒకామె పేరునే ఉంది. నీళ్లు పెట్టించడం, దింపు తీయించడం, కాయ లెక్క చూసుకోవడం అన్నీ రెండో ఆమెవే. పట్టా ఉన్నామె వీలునామా రాయకుండా పోతే తోట పుట్టింటివాళ్లకు వెళ్తుంది. అందుకే ఇలాంటి జంటలు ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాసుకోవడం అత్యవసరం. జాయింట్ అకౌంట్ తెరవడానికీ, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టు 28న ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. రేషన్ కార్డుకు ఒకే ఇంటివాళ్లుగా చూడమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఆస్తి వారసత్వం మాత్రం అలాగే ఉండిపోయింది.

2024 డిసెంబరులో మన రాష్ట్ర హైకోర్టు ముందుకు ఒక కేసొచ్చింది. విజయవాడలో కలిసుంటున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరిని తండ్రి తీసుకెళ్లిపోతే, ఆమెను కోర్టు ముందుకు తేవాలంటూ రెండో అమ్మాయి హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. మేజరైన అమ్మాయి ఎవరితో బతకాలన్నది ఆమె ఇష్టమేనని కోర్టు తేల్చింది. ఆ తీర్పు అమలాపురం స్టేషనుకూ వర్తిస్తుంది. ‘మా పిల్లని మాకప్పగించండి’ అంటూ పెద్దలొస్తే ఎస్సై ముందుగా అడగాల్సింది ఆ పిల్లనే.