అరవయ్యేళ్ళు పెండింగులో ఉన్న అప్లికేషన్

క్యాంపస్ ఇంటర్వ్యూల రోజులు గుర్తున్నాయా? "టెన్త్ నుంచీ అరవై శాతం తగ్గకూడదు, బ్యాక్‌లాగులు ఉండకూడదు" అని నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించేవాళ్ళు. యాభై ఎనిమిది వచ్చినవాడు రాస్తే కోడ్ కంపైల్ అవదా అని ఎవడూ అడిగేవాడు కాదు. వేలల్లో వచ్చే అప్లికేషన్లని వందకి దించాలి, అందుకో ఫిల్టరు, అంతే. చిక్కెక్కడంటే, కొన్నాళ్ళు పోయాక ఫిల్టరుకి పరువొచ్చేస్తుంది. మన సౌకర్యం కోసం పెట్టుకున్నాం అన్న సంగతి మర్చిపోయి అదే అసలు అర్హత అనుకోవడం మొదలెడతాం.

అలాంటి ఒక ఫిల్టరు బయట అరవయ్యేళ్ళు నిలబడ్డ మనిషి వాలీ ఫంక్. 1939లో అమెరికాలోని న్యూ మెక్సికోలో పుట్టింది. ఇరవయ్యేళ్ళకే ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్ సైనిక స్థావరంలో విమానం నడపడం నేర్పే పంతులమ్మ. సైన్యం వాళ్ళకి విమానం నేర్పొచ్చు గానీ, సైన్యంలో పైలట్‌గా చేరడానికి మాత్రం వీల్లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమొస్తుంది.

ముందు ఆ ఫిల్టరు ఎలా పుట్టిందో చూద్దాం. 1958 చివర్లో నాసా తన మొదటి వ్యోమగాముల కోసం ఒక ప్రకటన తయారు చేసుకుంది. అందులో సబ్‌మెరైన్లలో పనిచేసినవాళ్ళకి, బెలూన్లలో ఎగిరినవాళ్ళకి, ధ్రువ ప్రాంతాలకి వెళ్ళొచ్చినవాళ్ళకి కూడా చోటుంది. అంతరిక్షంలో మనిషికి ఏమవుతుందో ఎవరికీ తెలియనప్పుడు అది సబబైన ఆలోచనే. అయితే ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ ఈ గోలంతా వద్దు, మిలిటరీ టెస్ట్ పైలట్లలోంచి ఎంచుకోండి అన్నాడు. వాళ్ళ ఫైళ్ళు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి, రహస్యాలు బయటికి పొక్కవు, ప్రమాదం వాళ్ళకి రోజువారీ వ్యవహారం. 508 ఫైళ్ళు తిరగేస్తే 110 మంది తేలారు. వాళ్ళలోంచి ఏడుగురిని 1959 ఏప్రిల్‌లో ప్రపంచానికి చూపించారు. మేనేజర్ కళ్ళతో చూస్తే బ్రహ్మాండమైన నిర్ణయం, నెలల పని వారాల్లో అయిపోయింది.

ఆ షరతుల్లో ఎక్కడా "ఆడవాళ్ళు వద్దు" అని రాసి లేదు. రాయక్కర్లేదు కూడా. టెస్ట్ పైలట్ కావాలంటే మిలిటరీ జెట్ పైలట్ కావాలి, అమెరికా సైన్యం ఆడవాళ్ళని మళ్ళీ పైలట్లుగా తీసుకున్నది 1970లలో. అనుభవం ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే అనుభవం అన్నమాట. ఫ్రెషర్‌గా తిరిగిన ప్రతివాడికీ తెలిసిన సంగతే.

ఆ పురుషులకి వైద్య పరీక్షలు చేసిన డాక్టర్ రాండాల్ఫ్ లవ్‌లేస్‌కి ఒక అనుమానం వచ్చింది. ఆడవాళ్ళు సగటున తేలిక, ఆక్సిజన్ తక్కువ వాడతారు. ప్రతి కిలో లెక్కపెట్టుకునే రాకెట్‌కి వాళ్ళే మేలేమో? ఇదేమీ స్త్రీవాదం కాదు, శుద్ధ ఇంజినీరింగ్ లెక్క. 1960 ఫిబ్రవరిలో జెర్రీ కాబ్ అనే పైలట్‌ని ఆల్బుకర్కీలోని తన క్లినిక్‌కి పిలిపించి అవే పరీక్షలు చేశాడు. అప్పటికి ఆవిడ ఏడు వేల గంటలకి పైగా విమానం నడిపింది. అన్నీ పాసయింది. ఆ వార్త లైఫ్ పత్రికలో చూసి, ఎవరూ పిలవకుండానే లవ్‌లేస్‌కి ఉత్తరం రాసింది మన ఫంక్.

1961లో ఆవిడ పరీక్షలకి వెళ్ళేసరికి ఇరవై రెండేళ్ళు, ఆ బృందంలో అందరికంటే చిన్నది. చెవుల్లో ఐసులాంటి చన్నీళ్ళు పోసి తల తిప్పించడం, పొట్టలోకి మూడడుగుల రబ్బరు గొట్టం మింగించడం, ఒళ్ళు హూనమయ్యేదాకా సైకిల్ తొక్కించడం ఇలా ఉండేవి ఆ పరీక్షలు. ఆ తర్వాత ఓక్లహోమాలో ఇంకోటి. చీకటి గదిలో, ఒంటి వెచ్చదనంతో సమానమైన నీళ్ళలో, చప్పుడన్నది లేకుండా తేలుతూ ఉండాలి. ఫంక్ 10 గంటల 35 నిమిషాలు ఉంది. వాళ్ళు రమ్మన్నారు కాబట్టి బయటికొచ్చింది.

ఇక్కడో మాట చెప్పాలి. "మెర్క్యురీ 13 అనే నాసా మహిళా బృందం, మగవాళ్ళని ఓడించింది, అయినా తరిమేశారు" అని కథ చెప్తుంటారు. నిజం అంత సినిమాటిక్‌గా లేదు. అది నాసా ప్రాజెక్టు కాదు, లవ్‌లేస్ సొంత ప్రయత్నం. డబ్బులు పెట్టింది ప్రఖ్యాత పైలట్ జాక్వెలిన్ కాక్రన్, ఆవిడ భర్త. 19 మందికి పరీక్షలు చేస్తే 13 మంది గట్టెక్కారు. మగవాళ్ళలో 32కి 18. అయితే ఇది మొదటి మెట్టు మాత్రమే. మూడో మెట్టు దాకా వెళ్ళింది కాబ్ ఒక్కతే. ఆ పదమూడు మందీ ఒక్కసారైనా ఒకే చోట కలిసింది లేదు. ఆ పేరు కూడా 1990లలో ఒక హాలీవుడ్ నిర్మాత పెట్టింది. ఇలా కత్తిరించి చెప్పినా అన్యాయం తగ్గదు గానీ, అది ఎక్కడ జరిగిందో సరిగ్గా కనబడుతుంది.

జరిగిందిదీ. 1961 సెప్టెంబర్‌లో మిగతావాళ్ళు పెన్సకోలా నౌకాదళ కేంద్రంలో తర్వాతి పరీక్షలకి వెళ్ళాలి. కొందరు ఉద్యోగాలు కూడా మానేశారు. బయల్దేరే ముందు టెలిగ్రాం వచ్చింది, రద్దు అని. నౌకాదళం వాళ్ళు "ఇది మీకు కావాల్సిన పనేనా?" అని నాసాని అడిగారు. మాకలాంటి రిక్వైర్‌మెంట్ లేదని నాసా చెప్పింది. ఫెయిలయ్యారని ఎవరూ అనలేదు. టికెట్ క్లోజ్ చేశారంతే.

1962 జులైలో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణ పెట్టింది. మూడు రోజులనుకున్నది రెండు రోజుల్లో చుట్టేశారు. కాబ్, ఎనిమిది మంది పిల్లల తల్లి అయిన పైలట్ జేన్ హార్ట్ ఒకవైపు. రెండోవైపు భూమి చుట్టూ తిరిగొచ్చిన జాన్ గ్లెన్, స్కాట్ కార్పెంటర్. విమానాలు నడిపేది, యుద్ధాలకి వెళ్ళేది మగవాళ్ళు, ఆడవాళ్ళు ఈ రంగంలో లేకపోవడం మన సమాజం తీరు అన్నాడు గ్లెన్. టెస్ట్ పైలట్ అనుభవం, ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాల్సిందే అన్నారు. తమాషా ఏమిటంటే, సెలెక్టయినప్పుడు గ్లెన్‌కీ డిగ్రీ లేదు, కార్పెంటర్‌కీ లేదు. "డిగ్రీ లేదా తత్సమానం" అన్న మాట వాళ్ళని దాటించింది. ఇద్దరికీ వాళ్ళ కాలేజీలు 1962లో, అంతరిక్షం నుంచి వచ్చాక, పిలిచి పట్టా ఇచ్చాయి. ఏడు వేల గంటలు ఎగిరినావిడకి మాత్రం ఆ "తత్సమానం" వర్తించలేదు. డబ్బులు పెట్టిన కాక్రనే వచ్చి తొందరేం లేదని సాక్ష్యం చెప్పడం ఇంకో విశేషం.

టెస్ట్ పైలట్ నిబంధన వట్టి బుకాయింపని అనను. 1963 మేలో గోర్డన్ కూపర్ నౌకలో ఆటోమేటిక్ వ్యవస్థ చచ్చిపోతే, ఆయన చేత్తో నడిపి దించుకొచ్చాడు. అయితే అదే మెర్క్యురీలో 1961 జనవరిలో హామ్ అనే చింపాంజీ కూడా వెళ్ళొచ్చింది కదా. రష్యా వాళ్ళయితే తమ వోస్టాక్‌ని పూర్తి ఆటోమేటిక్‌గా కట్టారు. చేతి నియంత్రణకి తాళం వేసి, దాని మూడంకెల కోడ్‌ని కవర్లో పెట్టి గగారిన్‌కి ఇచ్చారు. (పాస్‌వర్డ్ 125. ఎక్కేముందే ఆయన చెవిలో చెప్పేశారట, అన్ని ఆఫీసుల్లాగే :) ) అందులోంచి ఏడు కిలోమీటర్ల ఎత్తులో బయటికొచ్చి పారాచ్యూట్‌తో దిగాలి కాబట్టి, వాళ్ళకి పారాచ్యూట్ తెలిసినవాళ్ళు కావాలి. బట్టల మిల్లులో పనిచేసిన వాలెంతినా తెరిష్కోవా 1963 జూన్‌లో 48 సార్లు భూమిని చుట్టొచ్చింది. ఎవరు ఎక్కాలన్నది యంత్రాన్ని ఎలా కట్టారన్నదాని మీద ఆధారపడింది.

రామాయణంలో పిడకల వేటలా ఇంకో సంగతి. 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన మన గగన్‌యాన్ నలుగురూ వైమానిక దళం టెస్ట్ పైలట్లే. మొదటి ప్రయాణాలకి ఆ జాగ్రత్త అర్థమవుతుంది. కానీ మన దగ్గర ఫైటర్ పైలట్లుగా అమ్మాయిలు చేరింది 2016లో. అందుకని ఆ నలుగురిలో అమ్మాయి లేకపోవడంలో ఆశ్చర్యం లేదు, ఐసెన్‌హోవర్ గారి ఫిల్టరే ఇది. తర్వాతి జట్లకి ఇదే కాగితం అంటిస్తారా అన్నదే చూడాలి. మన ఇళ్ళలో రాకెట్ బొమ్మలు గీసే ఆడపిల్లలున్నారు మరి.

మళ్ళీ ఫంక్ దగ్గరికొస్తే, ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. సొంతంగా సెంట్రిఫ్యూజ్ పరీక్షకి వెళ్ళింది. జి-సూట్ మిలిటరీ వాళ్ళకే ఇస్తారు కాబట్టి వాళ్ళమ్మ కార్సెట్ బిగించుకుని తిరిగింది! నాసాకి మళ్ళీ మళ్ళీ దరఖాస్తు పెట్టింది. 1978లో నాసా మొదటిసారి ఆరుగురు ఆడవాళ్ళని తీసుకుంది, వాళ్ళలో ఒకరైన శాలీ రైడ్ 1983లో ఎగిరింది. ఫంక్‌కి ఇంజినీరింగ్ డిగ్రీ లేదన్నారు. ఈలోగా విమాన ప్రమాదాలు విచారించే ప్రభుత్వ సంస్థలో మొదటి మహిళా దర్యాప్తు అధికారి అయింది, వేలమందికి విమానం నేర్పింది. 2010లో రెండు లక్షల డాలర్లు కట్టి వర్జిన్ గెలాక్టిక్‌లో టిక్కెట్ కొనుక్కుంది. 2021 జులై 11న ఆ కంపెనీ నౌకలోనే మన గుంటూరు శిరీష బండ్ల ఎగిరితే తెలుగు ఛానళ్ళు పండగ చేసుకున్నాయి. కంటిచూపు వల్ల పైలటై అంతరిక్షానికెళ్ళే దారి మూసుకుపోయి, ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదివి వేరే దారిన వచ్చిన అమ్మాయి.

తొమ్మిది రోజుల తర్వాత, జులై 20న, జెఫ్ బెజోస్ అతిథిగా ఫంక్ న్యూ షెపర్డ్ ఎక్కింది. వయసు 82. పక్కన పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. ఆ నౌకలో పైలటే లేడు. స్టీరింగ్ లాంటిదేమీ లేదు, మొత్తం సాఫ్ట్‌వేరే నడుపుతుంది. టెస్ట్ పైలట్ కాదని అరవయ్యేళ్ళు ఆపిన మనిషిని చివరికి తీసుకెళ్ళింది ఎవరూ నడపక్కర్లేని బండి. అక్కడా ఫిల్టరుంది లెండి, ఒక సీటు వేలంలో 2.8 కోట్ల డాలర్లు పలికింది. జెర్రీ కాబ్‌కి ఆ పిలుపు రాలేదు, 2019లోనే పోయింది. ఆ రోజుల్లో అన్ని అర్హతలున్నా ఎంపిక కాని నల్లజాతి పైలట్ ఎడ్ డ్వైట్ 2024లో, తొంభయ్యేళ్ళకి ఇదే నౌకలో వెళ్ళాడు.

మొత్తం పది నిమిషాల ప్రయాణం. దిగాక ప్రెస్ మీట్‌లో అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే, ఫంక్ చెప్పింది విని నేను గట్టిగా నవ్వేశాను. ప్రపంచమంతా కనబడుతుందనుకున్నాను, అంత ఎత్తుకి వెళ్ళలేదు అంది. మళ్ళీ వెళ్ళాలి, త్వరగా, అని కూడా అంది.