నీటిపై తేలిన పాలరాయి

ఉగాది వస్తున్నదంటే పంచాంగశ్రవణానికీ పచ్చడికీ ముందే మన సంఘంలో ఒక పని మొదలవుతుంది. అది శుభాకాంక్షల కార్డులు తయారుచేయడం. అంగడిలో అచ్చుకార్డులు దొరకక కాదు. స్వగ్రామంలో ఉన్న పెదనాన్నగారికో, మేనత్తకో మన పిల్లలచేత ఏడాదికొకసారైనా తెలుగులో నాలుగు పంక్తులు వ్రాయించడానికి ఇదొక మంచి సాకు. ఈమధ్య పిల్లలు ఆ కార్డులకు పాలరాతి చారలను పోలిన రంగుకాగితం అతికించడం నేర్చుకున్నారు. చూచిన పెద్దలు కొందరు, “బాగానే ఉన్నది గాని, ఇది సీమవిద్య కదా!” అన్నారు. ఆ మాటలో కొంత నిజమున్నది. తక్కిన నిజం మనం కాపురముంటున్న ఈ కర్ణాటక దేశంలోనే ఉన్నది. అది చెప్పడానికే ఈ చిన్న వ్యాసం.

ముందు ఆ పని ఎట్లా జరుగుతుందో మనవి చేస్తాను. వెడల్పైన పళ్లెంలో జిగురునీరు పోస్తారు. తుర్కీవారు ఒక ముళ్లపొద బంకను వాడతారు. ఐరోపావారు సముద్రపు నాచును కాచి ఆ జిగురు తీస్తారు. మెంతులు నానవేసి తీసిన జిగురుకూడ ఈ పనికి వస్తుంది. దానిమీద రంగులు చుక్కలుగా చిలకరిస్తారు. రంగు మునిగిపోకుండా నీటిపై పరుచుకోవడానికి పూర్వులు అందులో పశువుల పిత్తం కలిపేవారు. మన పిల్లలు బదులుగా చుక్కో రెండు చుక్కలో సబ్బునీరు కలిపినారు. ఒక రంగు పడినచోట మరొక రంగు పడితే రెండూ కలిసిపోవు. వెనుక వచ్చినది ముందున్నదానిని పక్కకు నెడుతుంది. ఆ విధంగా మొదట చల్లిన రంగులు సన్ననైపోయి రాతిలోని నరాలవలె కనబడతాయి. చివర చల్లినది రాతి ఒడలవుతుంది. పుల్లతోగాని దువ్వెనతోగాని కదపకుండా వదిలితే రాయి. కదిపితే అలలు, ఈకలు, పూలు. పటికనీరు పూసి ఆరబెట్టిన కాగితాన్ని దానిమీద మెల్లగా పరచి ఎత్తితే నీటిమీది చిత్రమంతా కాగితానికి అంటుకొని వస్తుంది. ఆరిన తరువాత గవ్వతో రుద్దితే రాతిమెరుపు వస్తుంది. ఒకసారి తీసిన చిత్రం మళ్లీ రాదు. ఏ రెండు కార్డులూ ఒకటి కావు.

ఈ విద్యకు ఒక్కొక్క దేశం ఒక్కొక్క పేరు పెట్టింది. జపానువారు 12వ శతాబ్దినాటికే సిరాను నీటిపై పారించి ఆ కాగితంమీద కవిత్వం వ్రాసుకున్నారు. వారి భాషలో దీని పేరుకు ‘పారే సిరా’ అని అర్థం. పారసీకులకు ఇందులో మేఘం కనబడింది. మేఘానికి వారి మాట ‘అబ్ర్’. అందుచేత ‘అబ్రీ’ అన్నారు. తుర్కీలో అదే ‘ఎబ్రూ’ అయింది. ఐరోపావారికిమాత్రం రాయి కనబడింది; వారు పాలరాతి కాగితమన్నారు. వస్తువొక్కటే, చూచే కన్నులు వేరు.

16వ శతాబ్ది చివర ఇరానునుంచి హిందూదేశానికి వలసవచ్చిన మహమ్మద్ తాహిర్ అనే పనివాడు ఈ విద్యలో కొత్త పోకడలు తెచ్చినాడని చరిత్రకారులు చెబుతున్నారు. పేరు తప్ప అతనిని గురించి ఎక్కువ సంగతులు మిగలలేదు. అయినా మనవంటివారు గమనించవలసిన విషయం ఒకటున్నది: ఈ కళకు వన్నె తెచ్చినవాడుకూడ పొట్ట చేతబట్టుకొని పరదేశానికి వచ్చినవాడే.

తరువాతి శతాబ్దిలో దక్కను సుల్తానుల రాజ్యాలలో, ముఖ్యంగా విజాపురంలో, ఈ కళ మరెక్కడా ఎక్కని మెట్టు ఎక్కింది. విజాపురాన్ని 1580 మొదలు 1627 వరకు పాలించిన రెండవ ఇబ్రహీం ఆదిల్షా చిత్రలేఖనానికీ సంగీతానికీ ఆలవాలమైనవాడు. గోలకొండ ఏలిక, 1591 లో హైదరాబాదు నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్షా, ఆయనకు బావమరిది. గోలకొండ ఆడపడుచు విజాపురం మెట్టినది. అనగా తెలుగు నేలకూ ఆ ఊరికీ రాకపోకలు, బంధుత్వాలు నాటివే.

ఇతర దేశాలలో ఈ కాగితం పుస్తకపు అట్టకో, వ్రాతచుట్టు అంచుకో పరిమితమైంది. దక్కనులో దానితో బొమ్మలే చేసినారు. బొమ్మ ఆకారం విడిచి తక్కిన కాగితమంతా బంకతోనో మరొకదానితోనో మరుగుచేసి రంగునీటిమీద పరిచేవారు. అప్పుడు ఆకారంలోమాత్రమే చారలు పడేవి. తరువాత సన్నని కుంచెతో గీతలు దిద్దేవారు. ఎముకలు బయటపడిన బక్కగుర్రాన్నెక్కి పోతున్న మనిషి చిత్రమొకటి ఇట్టిది. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నది. దక్కను సుల్తానుల కళను గురించి 2015 లో ఆ మ్యూజియంవారు గొప్ప ప్రదర్శన జరిపినారు. 1686 లో విజాపురం, 1687 లో గోలకొండ ఔరంగజేబు వశమైనాయి. ఆస్థానాలు పోయినవి, పోషణ లేక పనివారు చెదిరిపోయినారు.

ఐరోపాలో ఈ విద్య మరొక దారి పట్టింది. దళసరి ఖాతాపుస్తకాల అంచులకుకూడ ఈ చారలు దిద్దేవారు. ఇది అందానికి మాత్రమే కాదు. నడుమనుంచి ఒక్క కాగితం చించినా అంచుమీది చార తెగి దొంగతనం బయటపడుతుంది. అమెరికాలో 1775 లో అచ్చువేసిన ఇరవై డాలర్ల నోటుకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ సమకూర్చిన చారల అంచు కాగితం వాడినదికూడ దొంగనోట్ల భయంచేతనే. మళ్లీ రాని చిత్రమే దానికి కాపలా! మా తాతగారు ఈ ఊరికి వచ్చిన కొత్తలో కొన్న ఆవర్జా పుస్తకం అంచున ఎరుపు నీలం చారలు చూచి చిన్నప్పుడు అదేదో అలంకారమనుకున్నాను. ఆయన ఇతరుల సొమ్ముకు లెక్క వ్రాసేవారు. పరాయి ఊళ్లో మనిషికి నమ్మకమే పెట్టుబడి అని, ఆ అంచు ఎందుకో తెలిసిన తరువాత నాకు బోధపడింది.

తరువాత యంత్రాలు వచ్చి ఈ చారలను వేలకొలది ఒకే మచ్చున అచ్చువేసినవి. చేతిపని క్షీణించింది. తుర్కీలో నెజ్మెద్దీన్ ఓక్యాయ్ (1883–1976) వంటివారు శిష్యులను తయారుచేసి విద్యను నిలబెట్టినారు. 2014 లో యునెస్కోవారు తుర్కీ ఎబ్రూను మానవజాతి వారసత్వాల పట్టికలో చేర్చినారు. విచిత్రమేమంటే, అదే ఏడు బిజాపూరు పేరు అధికారికంగా విజయపురగా మారింది. ఊరి పేరు పత్రికలన్నిటిలో పడింది గాని, ఆ ఊరు లోకానికిచ్చిన ఈ కాగితాన్ని తలచుకున్నవారు అరుదు.

విజాపురపు బొమ్మలలో చాలావాటిమీద చేసినవారి పేరు లేదు. ఎంతటి ఓర్పుతో, ఎన్ని కాగితాలు పాడుచేసుకొని ఆ గుర్రాన్ని తీసినాడో ఆ మహానుభావుడు! అతడు ఏ ఊరివాడో, ఇంట ఏ భాష మాట్లాడేవాడో మనకెవరు చెప్పగలరు?

కనుక మన ఇండ్లలోని తల్లులకూ తండ్రులకూ నా విన్నపం ఒక్కటే. మొదటి కాగితాలు చెడిపోతాయి. మా పిల్లలకుకూడ తొలినాడు రంగంతా పళ్లెం అడుగుకు చేరింది. విసుగుకోకుండా చేయించండి. కార్డు వెనుక పిల్లవాని పేరు, మనమున్న ఊరు, ఉగాది సంవత్సరం పేరు వాడిచేతనే తెలుగులో వ్రాయించండి. అక్షరం వంకరైనా సరే. స్వగ్రామంలో పెద్దలు ఆ కార్డును పెట్టెలో దాచుకుంటారు. ఒకనాడు ఎవరైనా తీసి చూచినప్పుడు, అది ఎవరి చేతిపనో వేరొకరిని అడగవలసిన పని ఉండదు.