డొమైన్ పేరుకి అంత విలువ ఎలా వచ్చింది?

నాలాంటి బీటెక్ వాళ్లకి డొమైన్ అంటే సర్వర్‌కి అడ్రస్, అంతే. మరి ఒక అడ్రస్ కోట్లు ఎలా పలుకుతుంది?

మొదటి డాట్ కామ్ పేరు సింబాలిక్స్ డాట్ కామ్, 1985 మార్చి 15న రిజిస్టర్ అయ్యింది. అప్పట్లో ఫీజు లేదు, ముందు అడిగినవాళ్లదే పేరు. 1994లో జాషువా క్విట్నర్ అనే అమెరికన్ జర్నలిస్టు మెక్‌డొనాల్డ్స్ డాట్ కామ్‌ని తనే రిజిస్టర్ చేసుకున్నాడు! చివరికి ఒక స్కూలుకి కంప్యూటర్ల కోసం కంపెనీ చేత 3,500 డాలర్లు ఇప్పించి, పేరు వదులుకున్నాడు.

1995 సెప్టెంబరులో రెండేళ్లకి 100 డాలర్ల ఫీజు పెట్టారు. బిజినెస్ డాట్ కామ్‌ని ఒకాయన లక్షా యాభై వేల డాలర్లకి కొని, 1999లో 75 లక్షల డాలర్లకి అమ్మాడు. 'బిజినెస్' ఎవరి సొంతమూ కాని మాట, జనం రోజూ వాడే మాట. అందుకే ఆ ధర.

మరి ఇంకొకరి పేరైతే? మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ గ్రూపులోని సత్యం ఇన్ఫోవే 1999లో 'సిఫీ' పేరుతో డొమైన్లు తీసుకుంది. తర్వాత ఇంకో సంస్థ ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక 'ఎఫ్' ఎక్కువ పెట్టి అదే పేరుతో వచ్చింది. బెంగళూరు కోర్టు ఆపమంది, హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే వైపే తీర్పిచ్చింది. డొమైన్ ఉత్త అడ్రస్ కాదు, వ్యాపారానికి గుర్తు కూడా, ట్రేడ్‌మార్క్‌లాగే దానికీ రక్షణ ఉంటుందని తేల్చింది.

అందుకే పేర్లు కొని అమ్ముదామనుకునే ఫ్రెండ్స్‌కి నేను చెప్పేది ఒకటే. డబ్బు కట్టే ముందు, ఆ పేరుకి విలువ తెచ్చింది ఎవరో చూసుకోండి. ఇంకొకరి కష్టమైతే, మీకు వచ్చేది లాభం కాదు, లాయర్ నోటీసు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.