కొమరవోలు చంద్రశేఖరన్

కొమరవోలు చంద్రశేఖరన్ (1920 నవంబరు 21 – 2017 ఏప్రిల్ 13) సంఖ్యా సిద్ధాంతంలో, విశ్లేషణ గణితంలో పేరెన్నికగన్న తెలుగు గణితవేత్త. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో గణిత విభాగానికి ప్రాణం పోసింది ఆయనే.

పుట్టింది మచిలీపట్నంలో, హైస్కూలు చదువు బాపట్లలో. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఎం.ఏ. చేశాక, కేంబ్రిడ్జిలో గణితవేత్త హార్డీ ప్రభావంలో ఎదిగిన కె. ఆనందరావు దగ్గర పరిశోధన చేసి 1942లో డాక్టరేటు పొందారు. తర్వాత అమెరికాలో ప్రిన్స్‌టన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీకి వెళ్లారు. సాలమన్ బాఖ్నర్‌తో కలిసి రాసిన ‘ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్స్’ 1949లో వెలువడింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడిగా ఉన్న ఎస్. మీనాక్షిసుందరంతో కలిసి అనంత శ్రేణుల మీద ‘టిపికల్ మీన్స్’ (1952) రాశారు.

1949లో టాటా సంస్థ వ్యవస్థాపకుడు హోమీ భాభా పిలుపు మీద బొంబాయి చేరారు. అప్పటికి మన దేశంలో ఆధునిక గణితంలోని అనేక శాఖలు నేర్పేవారే కరువు. కుర్రవాళ్లను పైదేశాలకు పంపడానికి బదులు గురువులనే ఇక్కడికి రప్పించారు చంద్రశేఖరన్. వచ్చిన పెద్దలు వారాల తరబడి ఉండి పాఠాలు చెప్పేవారు. విన్న పాఠాన్ని పరిశోధక విద్యార్థి శ్రద్ధగా రాసి పుస్తకంగా తయారుచేయాలి. ఫ్రెంచి గణితవేత్త లోరాన్ ష్వార్జ్ ఉపన్యాసాలకు 1955లో ఎం.ఎస్. నరసింహన్ రాసిన నోట్సు అలా వచ్చిందే. ఒకరి పాఠం మరొకరు చదివి అర్థం చేసుకునేలా రాయాలంటే ముందు తనకు పూర్తిగా బోధపడాలి కదా! విద్యార్థిని పరిశోధకుడిగా మలచడానికి ఇంతకన్నా మంచి ఉపాయం దొరకదు. చంద్రశేఖరన్ శిష్యులైన నరసింహన్, సి.ఎస్. శేషాద్రి కలిసి 1965లో ప్రచురించిన సిద్ధాంతం నేటికీ వాళ్లిద్దరి పేరుతోనే ప్రపంచమంతటా వాడుకలో ఉంది.

రామానుజన్ నోటుపుస్తకాలను ఆయన చేతిరాతతోనే రెండు సంపుటాలుగా 1957లో టాటా సంస్థ అచ్చువేయడం వెనుక ఉన్నదీ చంద్రశేఖరన్ పట్టుదలే.

అంతర్జాతీయ గణిత సమాఖ్యకు 1961–66లో కార్యదర్శిగా, 1971–74లో అధ్యక్షుడిగా పనిచేశారు. అన్ని విజ్ఞాన శాఖలనూ కలిపే అంతర్జాతీయ శాస్త్ర సంఘాల మండలికి 1966 నుంచి 1970 వరకు ప్రధాన కార్యదర్శి. పద్మశ్రీ 1959లో, భట్నాగర్ పురస్కారం 1963లో అందుకున్నారు.

1965లో జూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయానికి ఆచార్యుడిగా వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. దేశానికి అది పెద్ద లోటే. అయినా బొంబాయి విభాగం చెక్కుచెదరలేదు, పునాది అంత గట్టిగా వేశారాయన. పాలనా బాధ్యతల నడుమ కూడా కలం ఆపలేదు. ‘ఇంట్రడక్షన్ టు ఎనలిటిక్ నంబర్ థియరీ’ 1968లో వచ్చింది. తొంభై ఆరేళ్ల వయసులో జూరిక్‌లో కన్నుమూశారు.

ఆయన రాయించిన ఆ ఉపన్యాసాల నోట్సు టాటా సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. గణితం చదివే తెలుగు పిల్లలు ఒక్కసారైనా తెరిచి చూడాలి.